అమ్మానాన్నలతో రాకీ కొండల్లో: సరస్సులకీ జలపాతాలకీ నడిచి వెళ్ళడం ఎలా

కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో కారు దిగి నాలుగడుగులు వేస్తే ఒక సరస్సు. అర మైలు ఎక్కితే ఇంకొకటి, దాని పైన మరొకటి, ఆ పైన మంచు కరిగిన నీళ్ళు బండల మీదుగా దూకే చోటు. ఇంత తక్కువ నడకలో ఇన్ని నీళ్ళు కనిపించే కొండలు అమెరికాలో అరుదు. అందుకే వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, పిల్లలకు సెలవులున్నప్పుడు, తెలుగు కుటుంబాలు ఇక్కడికి బాగా వస్తాయి. వచ్చినవాళ్ళలో చాలామంది ఒక్క సరస్సు చూసి, తలనొప్పితోనో వాన దెబ్బతోనో వెనక్కి తిరుగుతారు. వాళ్ళకు ఓపిక లేక కాదు, ఎత్తునూ గడియారాన్నీ ముందుగా లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల. ఆ రెండూ సరిచూసుకుంటే అరవై ఐదేళ్ళ నాన్నగారు కూడా డ్రీమ్ లేక్ ఒడ్డున కూర్చుని పులిహోర తినొచ్చు.

మొదట ఎత్తు సంగతి

"అలిపిరి మెట్లన్నీ ఎక్కినవాణ్ణి, ఈ మైలు నడక ఎంత?" అని పెద్దవాళ్ళు అంటారు. అలిపిరి దారిలో 3,550 మెట్లున్న మాట నిజమే, కానీ తిరుమల కొండ మూడు వేల అడుగులకు అటూ ఇటూ ఉంటుంది. డెన్వర్ నగరమే 5,280 అడుగుల ఎత్తున ఉంది. పార్కు వాకిట్లోని ఎస్టెస్ పార్క్ ఊరు ఏడున్నర వేల అడుగులు. మీరు నడక మొదలుపెట్టే బేర్ లేక్ దాదాపు 9,475 అడుగులు. అక్కడ గాలి ఒత్తిడి, దానితోపాటు ఊపిరికి అందే ఆక్సిజన్, సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 30 శాతం తక్కువ. కాళ్ళలో బలం ఉన్నా ఊపిరి చాలదు. రోజూ ఐదు మైళ్ళు నడిచేవాళ్ళకైనా ఇది తప్పదు.

కాబట్టి విమానం దిగిన మర్నాడే బేర్ లేక్‌కు తీసుకెళ్ళకండి. డెన్వర్‌లో ఒకటి రెండు రాత్రులు, ఆ తర్వాత ఎస్టెస్ పార్క్‌లో ఒక రాత్రి పడుకుని, మూడో రోజో నాలుగో రోజో నడక పెట్టుకోండి. డెన్వర్ నుంచి ఎస్టెస్ పార్క్‌కు బౌల్డర్, లయన్స్ మీదుగా యు.ఎస్. 36 దారిలో గంటన్నర ప్రయాణం. ఊరు చేరిన రోజు మంచినీళ్ళు బాగా తాగించండి, భోజనం తేలిగ్గా పెట్టండి, మద్యం జోలికి పోకండి.

బీపీకి, గుండెకు, ఉబ్బసానికి మందులు వాడేవాళ్ళు ప్రయాణానికి ముందే తమ డాక్టరును "పదివేల అడుగుల ఎత్తులో నడవబోతున్నాం" అని సూటిగా అడగాలి. కొన్ని బీపీ మందులు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి, కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఆ ఎత్తులో ఈ రెండూ తేడా చూపించగలవు. ఏ మందు ఎలా వేసుకోవాలో మీరు నిర్ణయించకండి, డాక్టరునే చెప్పనివ్వండి.

నడకలో తలనొప్పి, వికారం, తల తిరగడం, అలవిమాలిన నీరసం కనిపిస్తే ఆగి కూర్చోబెట్టండి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే కిందికి దిగడమే మందు. మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అడుగులు తూలుతున్నా, ఛాతీలో నొప్పి వచ్చినా 911కు ఫోన్ చేయాలి. ఎస్టెస్ పార్క్‌లోనే ఆస్పత్రి ఉంది. అమ్మానాన్నల ప్రయాణ బీమా కాగితం ఫోటో తీసి మీ ఫోన్లో పెట్టుకోండి.

మనుషుల్ని చూసి దారి ఎంచుకోండి

అందరూ ముందు ఎమరాల్డ్ లేక్ అని పేరు పట్టుకుని, తర్వాత ఇంట్లోవాళ్ళను దానికి తగ్గట్టు లాగాలని చూస్తారు. దాన్ని తిరగేయండి. మీ బృందంలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ఎవరో చూసి, వారికి సరిపడే సరస్సును ఎంచుకోండి.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు స్ప్రాగ్ లేక్‌ను మించింది లేదు. చుట్టూ మైలులోపే నడక, అంతా చదును, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది, మధ్యమధ్య కూర్చోడానికి బెంచీలు. పొద్దున్నే గాలి లేనప్పుడు ఎదురుగా ఉన్న శిఖరాలన్నీ నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తాయి. ఇది పుట్టుకతో సరస్సు కాదు. ఇక్కడ తొలినాళ్ళలో స్థిరపడిన ఆబ్నర్ స్ప్రాగ్ తన లాడ్జికి వచ్చేవాళ్ళు చేపలు పట్టుకోడానికి వాగుకు అడ్డుకట్ట వేయించి చేసిన చెరువు.

కాస్త ఎక్కగలిగినవాళ్ళకు బేర్ లేక్ చుట్టూ తిరిగి, అక్కడి నుంచి నింఫ్ లేక్ దాకా. ఇంకా ఓపికుంటే డ్రీమ్ లేక్. పదేళ్ళు దాటిన పిల్లలూ, నడక అలవాటున్న పెద్దలూ ఎమరాల్డ్ లేక్ దాకా వెళ్ళి రావచ్చు, రానూపోనూ మూడున్నర మైళ్ళ పైచిలుకు. జలపాతమే కావాలంటే అల్బర్టా ఫాల్స్, బేర్ లేక్ రోడ్డు మీదే గ్లేషియర్ గార్జ్ అనే నడక మొదలయ్యే చోటు నుంచి ముప్పాతిక మైలు దాటి ఉంటుంది, ఎక్కుడు 160 అడుగులే. దాన్ని దాటి పైకి వెళ్తే మిల్స్ లేక్ 2.8 మైళ్ళు, ది లాక్ అనే సరస్సు మూడు మైళ్ళు. ఇవి రోజంతా పట్టే నడకలు. స్కై పాండ్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది గానీ అది 4.9 మైళ్ళ దూరంలో, దాదాపు 10,900 అడుగుల ఎత్తున ఉంది. మధ్యలో టింబర్‌లైన్ ఫాల్స్ పక్కన తడిసిన బండల మీద చేతులతో పట్టుకుని పాకాలి. పెద్దవాళ్ళతో, చిన్నపిల్లలతో దాని ఊసెత్తకండి.

ఇంట్లో ఇద్దరు పెద్ద నడక నడవాలనుకుంటే, మిగిలినవాళ్ళను బేర్ లేక్ ఒడ్డున ఒకరి తోడుతో ఉంచి వెళ్ళడం మంచి పద్ధతి. ఎన్నింటికి తిరిగి కలుస్తారో ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే లోపల ఫోన్ సిగ్నల్ అందుతుందన్న నమ్మకం లేదు.

పర్మిట్, టికెట్, బస్సు

మే చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా పార్కులోకి వెళ్ళాలంటే ప్రవేశ రుసుముతోపాటు ముందుగా తీసుకున్న టైమ్డ్ ఎంట్రీ పర్మిట్ (ఫలానా వేళకు గేటు దాటే అనుమతి) కూడా ఉండాలి. ఇందులో రెండు రకాలు. బేర్ లేక్ రోడ్డు కూడా కలిసిన పర్మిట్ ఉదయం 5 నుంచి సాయంత్రం 6 దాకా వెళ్ళేవాళ్ళకు అవసరం. ఆ రోడ్డు కాకుండా మిగతా పార్కుకైతే ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా. పైన చెప్పిన స్ప్రాగ్, బేర్, నింఫ్, డ్రీమ్, అల్బర్టా అన్నీ బేర్ లేక్ రోడ్డు మీదివే, కాబట్టి మొదటి రకమే తీసుకోవాలి. రెండో రకం తీసుకుని గేటు దగ్గర వెనక్కి తిరిగే కార్లు తక్కువేం కాదు.

పర్మిట్లను రిక్రియేషన్.గవ్ సైట్‌లో ఒక నెల ముందు ఒకటో తారీఖున, అక్కడి సమయం ఉదయం 8 గంటలకు విడుదల చేస్తారు. జులైకి కావాలంటే జూన్ ఒకటిన సిద్ధంగా ఉండాలి. లాగిన్, కార్డు వివరాలు ముందురోజే సరిచూసి పెట్టుకోండి. శని, ఆదివారాల పొద్దుటి వేళలు చూస్తుండగానే అయిపోతాయి. దొరకలేదని దిగులుపడకండి, కొన్నింటిని దాచి ముందురోజు సాయంత్రం 7 గంటలకు మళ్ళీ వదులుతారు. పర్మిట్ ఖరీదు 2 డాలర్లు. మీకిచ్చిన రెండు గంటల లోపు గేటు దాటితే చాలు, తర్వాత ఎంతసేపైనా ఉండొచ్చు. ఏవీ దొరకకపోతే ఉదయం 5 లోపే బేర్ లేక్ రోడ్డు ఎక్కేయండి, ఆ వేళ పర్మిట్ అక్కర్లేదు. పైగా తెల్లవారే వెలుగు శిఖరాలకు తగలడం చూస్తారు.

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే ఇంకో లెక్క ఉంది. 2026 జనవరి నుంచి ఈ పార్కుతో కలిపి పదకొండు నేషనల్ పార్కుల్లో, అమెరికాలో నివసించని పదహారేళ్ళు దాటినవారికి మామూలు రుసుముకు తోడు తలకు 100 డాలర్లు వేస్తున్నారు. అలాంటివారికి ఏడాది పాస్ 250 డాలర్లు. అదే వేసవిలో గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్ కూడా చూపించే ఆలోచన ఉంటే ఆ పాస్ తీసుకోవడం మేలు. అమెరికాలో ఉంటున్నవారి ఏడాది పాస్ 80 డాలర్లే గానీ ఇక్కడి ప్రభుత్వం ఇచ్చిన ఫోటో గుర్తింపు కార్డు చూపించాలి. బయల్దేరేముందు పార్కు వెబ్‌సైట్‌లో రుసుముల పేజీ తెరిచి, మీ కారులో ఎవరెవరు ఉంటారో దాన్ని బట్టి ఎంతవుతుందో చూసుకోండి. మీ పిల్లలు నాలుగో తరగతిలో ఉంటే వాళ్ళ పేరు మీద ఉచిత పాస్ వస్తుంది, దాన్ని వదులుకోవద్దు.

బేర్ లేక్ పార్కింగు పొద్దున్నే నిండిపోతుంది. గ్లేషియర్ గార్జ్ దగ్గరైతే చోటు మరీ తక్కువ. స్థలం కోసం తిరగకుండా దారిలో ఉన్న పార్క్ అండ్ రైడ్‌లో కారు పెట్టి ఉచిత షటిల్ బస్సెక్కండి. పర్మిట్ చిత్రాన్ని ఇంటి దగ్గరే ఫోన్లో సేవ్ చేసుకోవాలి, గేటు దగ్గర నెట్ రాకపోవచ్చు.

ఏ నెల

జలపాతాలకు జూన్. కొండ మీది మంచు కరిగి వాగులన్నీ పొంగుతుంటాయి, అల్బర్టా హోరు కనిపించకముందే వినిపిస్తుంది. అయితే జూన్ మొదట్లో నింఫ్ దాటిన దారి మీద గట్టిపడ్డ మంచు ఇంకా ఉంటుంది. మామూలు బూట్లు జారుతాయి. ఎస్టెస్ పార్క్ దుకాణాల్లో బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్ళ పట్టీలు అద్దెకు దొరుకుతాయి, మైక్రోస్పైక్స్ అని అడగండి.

జులై, ఆగస్టుల్లో దారులు పొడిగా ఉంటాయి, నింఫ్ లేక్‌లో పసుపు కలువలు విచ్చుకుంటాయి, కానీ మధ్యాహ్నం పిడుగులు. పెద్దవాళ్ళతో వెళ్ళడానికి నేను చెప్పే నెల సెప్టెంబరు. నీళ్ళు తగ్గుతాయి, అది నిజమే. బదులుగా ఆస్పెన్ చెట్ల ఆకులు బంగారు రంగుకు తిరుగుతాయి, పిడుగులు తగ్గుతాయి, ఆకాశం తేటగా ఉంటుంది.

సంచిలో ఏముండాలి

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. వాగు నీళ్ళు ఎంత తేటగా కనిపించినా శుద్ధి చేయకుండా తాగకూడదు, జియార్డియా అనే సూక్ష్మజీవి వల్ల వారాల తరబడి విరేచనాలు పట్టుకుంటాయి. జులైలోనైనా ప్రతి ఒక్కరికీ ఒక స్వెటరూ ఒక రెయిన్ జాకెట్టూ. ఎండ ఎంత కాస్తున్నా మబ్బు పట్టగానే చలి కోస్తుంది, జీన్స్ తడిస్తే ఆరవు. టోపీ, సన్‌స్క్రీన్, చలువ కళ్ళద్దాలు.

అమ్మ చీరతో స్ప్రాగ్, బేర్ లేక్‌ల చుట్టూ హాయిగా తిరగొచ్చు. నింఫ్ వైపు ఎక్కేటట్లయితే పంజాబీ డ్రెస్సు మేలు, కాలి కింద రాళ్ళూ వేర్లూ ఆవిడకు కనిపించాలి. చెప్పులతో మాత్రం వద్దు. పట్టున్న బూట్లు, చేతికి రెండు నడక కర్రలు కొనిపెట్టండి, దిగేటప్పుడు మోకాళ్ళ మీది బరువు కొంత వాటి మీద పడుతుంది.

తిండికి పులిహోర, చపాతీలు, వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు. ఎత్తులో ఆకలి మందగిస్తుంది, అయినా గంటకోసారి కొద్దికొద్దిగా తినిపించాలి. తినే చోట చిప్‌మంక్‌లు, చిన్న ఉడతలు ధైర్యంగా ఒళ్ళోకి వస్తాయి. పిల్లలు ఎంత ముచ్చటపడినా ఒక్క మెతుకు కూడా వేయొద్దు. అది నిషేధం, వాటికి జబ్బులుంటాయి, కరుస్తాయి కూడా. అరటి తొక్కతో సహా చెత్తంతా సంచిలోనే వెనక్కి తేవాలి. బేర్ లేక్ దగ్గరా గ్లేషియర్ గార్జ్ దగ్గరా మరుగుదొడ్లున్నాయి, పైన దారిలో ఉండవు. బయల్దేరేముందే అందరూ వెళ్ళిరావాలి.

నడక

ఆరున్నరకు బేర్ లేక్ దగ్గర ఉండండి. బస్టాపు దగ్గర్నుంచి నాలుగడుగులకే సరస్సు. ముందు అక్కడ పది నిమిషాలు ఊరికే నిలబడనివ్వండి, ఊపిరి ఆ గాలికి సర్దుకుంటుంది. దారి చీలే చోట ఎడమవైపు పలక మీద నింఫ్, డ్రీమ్, ఎమరాల్డ్ అని రాసి ఉంటుంది.

నింఫ్ దాకా అర మైలు, రెండు వందల పైచిలుకు అడుగుల ఎక్కుడు. పెద్దవాళ్ళను ఎక్కువ ఆయాసపెట్టేది ఈ మొదటి అర మైలే. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందు నడిపించండి, మిగతావాళ్ళు వెనక. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే సరైన వేగం, మాట ఆగిపోతే ఆగాలి. నింఫ్ చిన్న మడుగు, నీళ్ళ మీద కలువాకులు పరుచుకుని ఉంటాయి, పైన హాలెట్ శిఖరం. ఇక్కడ దుంగల మీద కూర్చుని అందరి ముఖాలూ చూడండి. ఎవరి ముఖమైనా పాలిపోతే ఇక్కడి నుంచే తిరగొచ్చు. చూడాల్సినదాంట్లో మంచి వాటా అప్పటికే చూసేశారు.

నింఫ్ ఒడ్డు చుట్టి దారి మళ్ళీ ఎక్కుతుంది. వెనక్కి తిరిగి చూస్తే 14,259 అడుగుల లాంగ్స్ పీక్ కనిపించే చోటు ఒకటుంది, ఊపిరి తీసుకోడానికి అదే సాకు. డ్రీమ్ లేక్‌కు కాస్త ముందు ఎడమకు హైయాహా సరస్సుకు దారి చీలుతుంది. 2022 జూన్‌లో ఆ సరస్సు పైనున్న లోయలో కొండ విరిగిపడింది. పిండిలా నలిగిన రాతి ధూళి నీళ్ళలో కలిసి, అంతకుముందు మామూలుగా ఉన్న సరస్సు పాలు కలిపిన పచ్చ రంగుకు మారిపోయింది. చివర్లో పెద్ద బండలు ఎక్కి దిగాలి కాబట్టి యువకులకే వదిలేయండి.

డ్రీమ్ లేక్ పొడుగ్గా, సన్నగా ఉంటుంది. తూర్పు ఒడ్డున రాళ్ళ మీద కూర్చుంటే రెండు వైపులా కొండ గోడలు, ఎదురుగా హాలెట్. గ్రీన్‌బ్యాక్ కట్‌త్రోట్ అనే ఇక్కడి ట్రౌట్ చేపలు ఒడ్డుకు దగ్గర్లోనే కదులుతూ కనిపిస్తాయి. నన్నడిగితే ఈ దారిలో అసలైన అందం ఇక్కడే. ఎమరాల్డ్ ఇంకో ముప్పాతిక మైలు. దారి చివర నిటారు గోడల మధ్య రాళ్ళ ఒడ్డున ఉంటుంది, గాలి విసురుగా కొడుతుంది. వెళ్ళగలిగినవాళ్ళు తప్పక వెళ్ళాలి, వెళ్ళలేనివాళ్ళు డ్రీమ్ ఒడ్డున గంటసేపు కూర్చుంటే ఏ లోటూ లేదు.

పదకొండుకల్లా దిగడం మొదలుపెట్టండి. వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడ మబ్బు చూస్తుండగా కమ్ముకుంటుంది. ఉరుము వినిపిస్తే పిడుగు మీ దాకా రాగల దూరంలో ఉందని లెక్క. నీటి ఒడ్డు, ఒంటరి చెట్టు, ఎత్తైన బండ వదిలి దట్టమైన అడవిలోకి దిగాలి.

జలపాతం దగ్గర జాగ్రత్త

అల్బర్టా ఫాల్స్ ముప్పై అడుగులే. ఆబ్నర్ స్ప్రాగ్ భార్య పేరు పెట్టారు దానికి. పక్కనున్న నున్నటి బండల మీదికి అందరూ ఫోటోల కోసం ఎక్కుతారు, భయపడాల్సింది అక్కడే. నురగ తడిపిన రాయి పొడిగా కనిపిస్తూనే జారుతుంది, నీళ్ళు మంచు నుంచి అప్పుడే కరిగినవి, పడ్డ మనిషికి కొద్ది నిమిషాల్లోనే కాళ్ళూ చేతులూ కొంకర్లు పోతాయి. మన దగ్గర జలపాతమంటే కింద నిలబడి తడవడం. ఇక్కడ నీళ్ళలోకి దిగకూడదు, పిల్లల చెయ్యి వదలకూడదు. బేర్ లేక్ నుంచి నడిచి అల్బర్టా చూసి, గ్లేషియర్ గార్జ్ దగ్గర బస్సెక్కితే ఎక్కుడు బాగా తగ్గుతుంది.

నడవలేనివాళ్ళకు జలపాతం చూపించాలంటే ఫాల్ రివర్ వైపు అల్యూవియల్ ఫ్యాన్‌కు వెళ్ళండి. పార్కింగు నుంచి కొద్ది దూరం, చదునైన దారి. పైన లాన్ లేక్‌కు 1903లో కింది ఊళ్ళ రైతులు సాగునీటి కోసం మట్టికట్ట వేశారు. 1982 జులై 15న ఆ కట్టకు గండి పడింది. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు, కారంత, అంతకన్నా పెద్ద బండలు కూడా కొట్టుకొచ్చి విసనకర్రలా పరుచుకున్నాయి. 2013 సెప్టెంబరు వరద మళ్ళీ దాన్ని చెదరగొట్టింది. ఆ బండల మధ్య నుంచి రోరింగ్ రివర్ ఇప్పటికీ దూకుతూనే ఉంటుంది. చెరువు గండి అంటే ఏమిటో తెలిసిన మన పెద్దవాళ్ళకు ఈ చోటు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

సెప్టెంబరులో సాయంత్రం మొరెయిన్ పార్క్ మైదానానికి ఎల్క్ దుప్పులు వస్తాయి, మగవి బాకా ఊదినట్టు కూస్తాయి. రోడ్డు మీది నుంచే చూడాలి. ఎల్క్‌లకు 75 అడుగులు, మూస్ అనే భారీ దుప్పులకు, ఎలుగుబంట్లకు 120 అడుగుల దూరం పాటించడం పార్కు నియమం.

రెండో రోజు ఉంటే

ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీదుగా కొండ దాటి అవతలి వైపున్న గ్రాండ్ లేక్ ఊరికి వెళ్ళండి. మామూలుగా మే చివర్లో తెరిచి అక్టోబరులో మూసేసే ఈ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. పైన కారు దిగినా పదిహేను నిమిషాలకు మించి పెద్దవాళ్ళను నడిపించకండి. పార్కులో పెట్రోలు బంకు లేదు, ఎస్టెస్ పార్క్‌లోనే ట్యాంకు నింపుకోవాలి. గ్రాండ్ లేక్ దగ్గర ఈస్ట్ ఇన్‌లెట్ నడకదారి మొదలు నుంచి మూడో వంతు మైలు కూడా లేని నడకలో ఆడమ్స్ ఫాల్స్ వస్తుంది. ఇరుకైన రాతి సందులో నీళ్ళు మెట్లుమెట్లుగా విరిగిపడతాయి, బేర్ లేక్ రద్దీలో సగం కూడా ఉండదు. ఆ వైపు లోయలో మూస్‌లు ఎక్కువ, నెమ్మదిగా నడపండి.

డెన్వర్‌కు రావడానికి మళ్ళీ ఆ కొండ ఎక్కనక్కర్లేదు. గ్రాన్‌బీ మీదుగా యు.ఎస్. 40 పట్టుకుని బెర్తూడ్ పాస్ దాటితే ఐ-70 కలుస్తుంది. ఆదివారమైతే మధ్యాహ్నం రెండు లోపే బయల్దేరండి, ఆ తర్వాత ఐ-70 మీద తూర్పు వైపు బండ్లు గంటల తరబడి పాకుతాయి.